అవ్వ, బాపు దుబాయ్ వస్తే బయట ఎక్కడ తిప్పాలి?

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు నుంచి వచ్చినవాళ్ళం ఇక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తాం గానీ ఊరు చూసింది తక్కువ. నేను డ్రైవర్‌ని కాబట్టి రోడ్లు తెలుసు. విజిట్ వీసా మీద అవ్వనూ బాపునూ తెచ్చుకుంటున్న మనవాళ్ళు ఫోన్ చేసి "అన్నా, ఏడికి తీస్కపోవాలె?" అని అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నెల చూసుకోండి. నవంబర్ నుంచి మార్చి మధ్యలో అయితేనే బయట తిరగగలరు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించొద్దని ఇక్కడ చట్టమే ఉంది. సిమెంటు మోసే పిల్లలకే వద్దన్న ఎండలోకి అరవై దాటిన మనిషిని తీసుకుపోయి ఏం చూపిస్తాం? పైగా పూల తోట మిరాకిల్ గార్డెన్, దేశదేశాల దుకాణాలుండే గ్లోబల్ విలేజ్ రెండూ ఎండాకాలం మూసే ఉంటాయి.

బ్యాగు సర్దేటప్పుడే అవ్వకు ఒక మాట చెప్పండి. కోడికూర మసాలాలో గసగసాలు వేయొద్దు, విడిగా పొట్లం కట్టి కూడా తేవొద్దు. మన వంటింట్లో మామూలు సరుకే గానీ ఇక్కడ నిషేధం. బీపీ, షుగర్ మాత్రలకు డాక్టర్ చీటీ వెంట ఉంచుకోవాలి.

అందరూ మొదటి రోజే బుర్జ్ ఖలీఫా అంటారు. నేనైతే ఊరి మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, క్రీక్ అంటారు, దాని దగ్గర మొదలుపెట్టమంటాను. బర్ దుబాయ్ ఒడ్డు నుంచి దేరా ఒడ్డుకు చెక్క పడవ ఉంటుంది, అబ్రా అంటారు. మనిషికి 1 దిర్హమ్. అటు దిగితే మసాలాల బజారు, ఇంకొంచెం నడిస్తే బంగారం బజారు. కొనకపోయినా అవ్వకు గంట సేపు ఇట్టే గడిచిపోతుంది. బర్ దుబాయ్ ఒడ్డున అల్ ఫహీదీ పాత ఇళ్ళున్నాయి. కరెంటు లేని రోజుల్లో పైనుంచి గాలిని పట్టి ఇంట్లోకి దింపడానికి కట్టిన బురుజులు వాటి మీద కనిపిస్తాయి. బుర్జ్ ఖలీఫాకు సాయంత్రం పోండి. 828 మీటర్లు కింద నుంచి చూసినా మెడ పట్టేస్తుంది, టికెట్ కొని పైకి ఎక్కాల్సిన పని లేదు. మెట్రో స్టేషన్ నుంచి బుర్జ్ పక్కనున్న దుబాయ్ మాల్ దాకా నడక చాలా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులుంటే ట్యాక్సీయే మేలు. మెట్రోలో సర్వపిండి డబ్బా విప్పనీయకండి, తింటే 100 దిర్హమ్‌ల ఫైన్.

ఇక ఎడారి సఫారీ. మధ్యాహ్నం బండి వచ్చి ఎక్కించుకుంటుంది. ఇసుక మొదలయ్యే చోట డ్రైవర్ టైర్లలో గాలి తీస్తాడు, దాన్ని చూసి భయపడొద్దు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, ఇసుకలో దిగబడదు. ఆ తర్వాత దిబ్బల మీద ఎక్కించి దించుతాడు. నడుము నొప్పి, గుండె జబ్బు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళను అందులో కూర్చోబెట్టకండి. బుకింగ్ చేసేటప్పుడే "దిబ్బలు వద్దు, నేరుగా రాత్రి భోజనం పెట్టే క్యాంపుకే" అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. కడుపు నిండా తిని ఎక్కితే కక్కుడే. శాకాహారులైతే రాత్రి భోజనం గురించి ముందే చెప్పాలి. పొద్దు గుంకితే చలి పెడుతుంది, శాలువా పట్టుకెళ్ళండి. సొంత బండి ఉంటే అల్ ఖుద్రా పోవచ్చు. ఇసుక మధ్యలో తవ్విన చెరువులు, పక్షులు, పైసా ఖర్చు లేదు.

నన్నడిగితే వ్యవసాయం చేసిన బాపుకు వీటన్నిటికన్నా అల్ ఐన్ నచ్చుతుంది. దుబాయ్ నుంచి గంటన్నర దారి, అబుదాబి కిందికి వస్తుంది. దుబాయ్‌లోని అల్ గుబైబా బస్టాండ్ నుంచి బస్సు ఉంది. ఊరి నడుమ ఖర్జూరం తోట, అందులో 1,47,000 చెట్లున్నాయంటారు. గోడల మధ్య నీడలో దారులు, పక్కనే సన్న కాలువలు. ఆ కాలువల పద్ధతిని ఫలజ్ అంటారు. ఎత్తు మీది నీటిని భూమి లోపల వాలుగా తవ్విన సొరంగంలో తోట దాకా తెస్తారు. మోటరు పని లేదు, వాలే నీటిని నడిపిస్తుంది. ఏ తోటకు ఎంతసేపు పారాలన్నది వంతుల లెక్క. మన చెరువు తూము కింద నీరటి మడికి మడికి నీళ్ళు వదిలినట్టే. రామప్ప, పాకాల చెరువుల కింద పంట తీసిన మనిషికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అల్ ఐన్ పాత కట్టడాలు, తోటలు 2011లో యునెస్కో జాబితాకెక్కాయి.

తోటకు పొద్దున్నే చేరండి. కారు ఉంటే సాయంత్రం జెబెల్ హఫీత్ కొండ ఎక్కించండి, రోడ్డు పైదాకా ఉంది. బస్సులో వచ్చినవాళ్ళు కొండ సంగతి వదిలేసి, తిరుగు బస్సు టైము దిగగానే కనుక్కోండి.