సొంతంగా పరిశోధన – మూడో పాఠం: ప్రశ్న దొరికే చోటు

పోయిన పాఠంలో మీకో పని ఇచ్చాను. ఏదైనా ఒక సమాచార వ్యవస్థను (ఇన్ఫర్మేషన్ సిస్టమ్‌ను) ఎంచుకుని, దాన్ని వాడేవాళ్ల పక్కన గంటసేపు కూర్చుని, చూసింది చూసినట్టు రాసుకోమన్నాను. ఆ కాగితాలు ముందు పెట్టుకోండి. ఈరోజు వాటిలోంచి పరిశోధన ప్రశ్నను బయటికి తీద్దాం.

కాగితాల్లో ముందు ఒక్కటే వెతకండి. వ్యవస్థ ఎదురుగా ఉన్నా మనిషి దాన్ని వదిలి వేరే దారి పట్టిన చోటు ఎక్కడుంది? ఉద్యోగి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించిన వివరాలనే పక్కన నోటు పుస్తకంలో మళ్లీ రాసుకోవడం, రిపోర్టు దిగుమతి చేసుకుని సొంత ఎక్సెల్ షీట్‌లో సరిచూసుకోవడం, ఒకరి పాస్‌వర్డ్‌తో నలుగురు పని చేయడం. ఇలాంటివి చూసి చాలామంది విద్యార్థులు ‘వీళ్లకు సరిగ్గా వాడటం రాదు’ అని రాసేసి ముందుకు వెళ్లిపోతారు. అక్కడే ఆగాలి. ఆ నోటు పుస్తకం ఉందంటే, వ్యవస్థ తీర్చని అవసరం ఒకటి ఉందన్నమాట. కంప్యూటర్ సైన్స్ ప్రాజెక్టుకూ సమాచార వ్యవస్థల ప్రాజెక్టుకూ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. మనం చూసేది యంత్రాన్ని ఒక్కదాన్నే కాదు. యంత్రం, మనిషి, ఆ పనికి ఉన్న నియమాలు కలిసేచోటును.

ఒక ఉదాహరణతో నడుద్దాం. కాలేజీ గ్రంథాలయంలో పుస్తకం గడువును ఆన్‌లైన్‌లోనే పొడిగించుకునే వీలుంది. గడువు గుర్తుచేస్తూ మెసేజ్ కూడా వస్తుంది. అయినా విద్యార్థులు కౌంటర్ దగ్గర వరుసలో నిలబడుతున్నారు. ‘గ్రంథాలయ సమాచార వ్యవస్థ ప్రభావం – ఒక అధ్యయనం’ అని పేరు పెడితే అది అంశం అవుతుంది, ప్రశ్న కాదు. దానికి జవాబు ఎలా ఉంటుందో ఎవరూ ఊహించలేరు. ‘మెసేజ్ అందాక కూడా విద్యార్థులు కౌంటర్‌కే ఎందుకు వస్తున్నారు?’ అన్నది ప్రశ్న.

ఇప్పుడు దాన్ని పరీక్షించండి. రాగల జవాబులు రెండైనా రాయండి. ఒకటి: పొడిగింపు నమోదైందో లేదో తెరమీద స్పష్టంగా కనిపించక, జరిమానా పడుతుందేమో అన్న టెన్షన్‌తో వస్తున్నారు. రెండు: కొత్త పుస్తకం కోసం ఎలాగూ వస్తారు కాబట్టి, పనిలో పనిగా పాతదాని గడువు కూడా పొడిగించుకుంటున్నారు. మొదటిది నిజమైతే తెర మార్చాలి. రెండోది నిజమైతే తెర మార్చినా వరుస తగ్గదు. ఏ జవాబు వచ్చిందన్నదాన్ని బట్టి చేయాల్సిన పని మారిపోతోంది కదా, అందుకే ఇది మంచి ప్రశ్న. ఏ జవాబు వచ్చినా ఏమీ మారని ప్రశ్నను, ఎంత ఇష్టమైనా, వదిలేయండి.

నా మొదటి ప్రాజెక్టులో నేను ఈ పరీక్ష చేయలేదు. ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు 1989లో ప్రచురించిన సాంకేతికత అంగీకార నమూనాను (టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్‌ను) తీసుకున్నాను. ఒక వ్యవస్థ తనకు పనికొస్తుందన్న నమ్మకం, దాన్ని వాడటం తేలికన్న నమ్మకం, ఈ రెండూ మనిషి దాన్ని స్వీకరించడాన్ని ఎలా ప్రభావితం చేస్తాయో అది చెబుతుంది. నేను ఆ నమూనా ప్రశ్నావళిలో వ్యవస్థ పేరు మాత్రం మార్చి, గూగుల్ ఫారమ్‌గా స్నేహితులకు పంపాను. దాదాపు అందరూ ‘అంగీకరిస్తున్నాను’ అన్నారు. పట్టికలు నిండాయి కానీ కొత్తగా ఒక్క విషయమూ తెలియలేదు. తప్పు ఆ నమూనాది కాదు. ఎన్నో వ్యవస్థల మీద ఎందరో పరీక్షించిన సంబంధాన్ని కారణం లేకుండా మరోసారి పరీక్షించడం నా తప్పు. ఇంకొక సంగతి: ఫారమ్‌లో మనిషి చెప్పేదీ, వాస్తవంగా చేసేదీ ఒకటి కాకపోవచ్చు. అందుకే మన ఉదాహరణలో ఫారమ్‌కంటే ముందు పొడిగింపుల లాగ్, అంటే ఏ పొడిగింపు ఎప్పుడు, ఎలా జరిగిందో వ్యవస్థలో నమోదయ్యే చిట్టా చూడాలి. ఎన్ని ఆన్‌లైన్‌లో జరిగాయి, ఎన్ని కౌంటర్‌లో, కౌంటర్‌కు వచ్చినవాళ్లు అదే రోజు వేరే పుస్తకం తీసుకున్నారా? చివరి లెక్క ఒక్కటే రెండో జవాబు వైపు మొగ్గాలో లేదో చాలావరకు తేల్చేస్తుంది. ‘ఎందుకు’ అన్నదానికి ఆపైన కొద్దిమందితో కూర్చుని మాట్లాడాలి.

కోడింగ్ ఇష్టమైనవాళ్లు ఏదైనా తయారుచేయాలనుకుంటారు. నిరభ్యంతరంగా చేయండి. 2004లో హెవ్నర్, మార్చ్, పార్క్, రామ్ కలిసి రాసిన వ్యాసం డిజైన్ సైన్స్ అనే ఈ మార్గాన్ని స్పష్టంగా వివరించింది. అయితే యాప్ తయారైతే పని సగమే అయినట్టు. అది ఏ ఇబ్బందిని తీర్చిందో, ఎంతవరకు తీర్చిందో కొలిచి చూపాలి.

ప్రశ్న ఖాయం చేసుకునే ముందే డేటా అడగండి, తర్వాత కాదు. లాగ్ ఇవ్వడం కుదరదని ఎనిమిదో వారంలో తెలిస్తే ప్రాజెక్టు అక్కడే కూలిపోతుంది. గైడ్‌తో మాట్లాడి, మీ సంస్థలో నైతిక అనుమతి (మనుషుల వివరాలతో పరిశోధన చేయడానికి తీసుకునే అనుమతి) అవసరమేమో కనుక్కుని, రాతపూర్వకంగా అడగండి. పేర్లు, రోల్ నంబర్లు తీసేసిన డేటానే ఇవ్వమనండి. అంతటితో సరిపోతుందనుకోకండి. ఒక చిన్న విభాగంలో చివరి సంవత్సరం విద్యార్థులు ముగ్గురే ఉంటే, విభాగం, సంవత్సరం, తేదీ చూసి ఆ మనిషి ఎవరో పట్టేయవచ్చు. అలాంటి చోట విభాగం వివరం కూడా తీయించండి. మనల్ని నమ్మి ఇచ్చినవాళ్లకు మన వల్ల ఏ నష్టమూ రాకూడదు.

ఈ వారం పని: మీ కాగితాల్లోంచి అలాంటి ‘వేరే దారి’ ఒకటి ఎంచుకోండి. దాని మీద ప్రశ్నను ఒకే వాక్యంలో రాయండి. కింద రాగల జవాబులు రెండు, ఒక్కోదాన్ని తేల్చడానికి కావలసిన డేటా, అది ఎవరి దగ్గర ఉందో రాయండి. వాళ్లను కలిసి, ఏమన్నారో తేదీతో సహా నమోదు చేయండి. నాలుగో పాఠంలో ఈ వాక్యాన్ని పట్టుకుని పాత పరిశోధనలు చదవడం మొదలుపెడదాం.