గీత చెదరని ఉగాది కార్డు

ఉగాదికి బంధువులకు పంపడానికి మామిడి కొమ్మ బొమ్మను అచ్చు వేసే స్టాంపుతో శుభాకాంక్షల కార్డులు చేస్తున్నప్పుడు, అచ్చు పడిన నల్లని గీతల మధ్య వాటర్ కలర్ మార్కర్‌తో ఆకుపచ్చ రంగు నింపి తడి కుంచె తగిలించగానే, గీతలు కరిగి ఆకులన్నీ బూడిదరంగుకు తిరిగాయి. తప్పు కాగితానిదేనని నమ్మి, చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే వాటర్ కలర్ కాగితం కొన్నాను. డబ్బు ఖర్చయింది గానీ గీతలు మునుపటిలాగే చెదిరాయి.

అసలు లోపం ఇంకు ప్యాడ్‌లో ఉంది. అందులోని ఇంకు నీటిలో కరిగే రకం కాబట్టి, ఎంతసేపు ఆరబెట్టినా తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. ఆరిన తరువాత నీటికి చెదరదని రాసి ఉన్న ప్యాడ్ తెచ్చి, చిత్తుకాగితం మీద అచ్చు వేసి, బాగా ఆరనిచ్చి, వట్టి నీటి కుంచెతో రుద్ది చూస్తే గీత కదలలేదు. ఈ పరీక్ష మొదటే చేసి ఉంటే పన్నెండు కార్డులు చెత్తబుట్ట పాలయ్యేవి కావు.

అయితే గరుకు కాగితం మీద అచ్చు అక్కడక్కడా తెగింది. నునుపు రకానికి మారి, కాగితం కింద పలుచని ఫోమ్ షీటు పరిచి నొక్కాక సరిగా పడింది. మార్కర్‌ను నేరుగా పూయకుండా ప్లాస్టిక్ మూత మీద గీసి, ఆ రంగును తడి కుంచెతో అద్దుకొని వేస్తే చారలు కూడా పడవు. ఈ ఇంకు స్టాంపు మీద ఎండితే వదలడం కష్టం కనుక, అచ్చు వేసిన వెంటనే తడిగుడ్డతో తుడుస్తున్నాను.