కృష్ణపట్నం రేవులో ఓడ ఆగాక ఇంజను బేరింగులు చూసే పద్ధతి

కృష్ణపట్నంలో ఓడ ఆగిందంటే కుర్ర ఇంజనీర్లు ముందు చేపల పులుసు సంగతి అడుగుతారు. పులుసు ఎక్కడికీ పోదు గానీ అబ్బయ్యా, ముందు క్రాంక్‌కేస్ చూడండి, అంటే ఇంజను ఇరుసూ దాన్ని మోసే బేరింగులూ ఉండే అడుగు పెట్టె.

ఇంజను ఆగీ ఆగకముందే తలుపులు తీయొద్దు. కనీసం అరగంట చల్లారనివ్వండి. లోపల బేరింగ్ కాలి ఆయిల్ పొగ నిండి ఉంటే, గాలి తగిలి పేలవచ్చు. ఇంజనును లేపే గాలి, అదే స్టార్టింగ్ ఎయిర్ మూసి, ఇంజనును మెల్లగా తిప్పే టర్నింగ్ గేర్ తగిలించాకే చెయ్యి పెట్టాలి.

సందు కొలిచే పలచని రేకుల ఫీలర్ గేజి కంటే ముందు నేను టార్చి తీస్తాను. అడుగున తళతళలాడే రేకులుంటే బేరింగ్ లోపలి మెత్తటి లోహపు పూత, వైట్‌మెటల్, ఊడుతోందన్నమాట. తర్వాత లూబాయిల్ (కందెన నూనె) పంపు వేసి, అన్ని బేరింగుల నుంచీ ఆయిల్ ఒకేలా కారుతోందా చూడండి. ఒకచోట ధార తగ్గితే దారి పూడుకుందేమో, మరీ ఎక్కువైతే సందు పెరిగిందేమో. గేజి అప్పుడు. కొలతను మాన్యువల్‌తోనే కాదు, పోయినసారి రాసిన అంకెతోనూ పోల్చాలి.

ఆయిల్లో నీళ్లు 0.2 శాతం దాటనివ్వొద్దు. వేడి రేకు మీద రెండు చుక్కలు వేస్తే తాలింపులో ఆవాల్లా చిటపటమన్నాయా, నీళ్లున్నట్టే. అప్పుడు ఆయిల్‌ను నీళ్లతో చల్లబరిచే కూలర్‌ను అనుమానించండి: రేవులో ఆయిల్ పంపు ఆపేసి నీళ్ల పంపు వదిలేస్తే, చిల్లుల్లోంచి నీళ్లే ఆయిల్లోకి వస్తాయి.