బాలానగర్ చూడాలంటే ఒక అరిగిన సామాను పట్టుకురండి

హైదరాబాద్‌లో చిన్న చిన్న మిషన్ షెడ్లున్న పారిశ్రామిక వాడ బాలానగర్ చూడాలని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఒకటే: ఖాళీ చేతులతో రాకండి. ఇంట్లో అరిగిపోయిన బుష్షో (ఇరుసుకు తొడిగే లోహపు గొట్టం), మోటారు పుల్లీయో ఉంటే సంచిలో వేసుకోండి. ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లతో మాట్లాడే తీరిక ఇక్కడ ఎవరికీ ఉండదు. అదే జాబ్, అంటే చేయించుకునే పని, పట్టుకొస్తే స్టూల్ వేసి కూర్చోబెడతారు. ఇరవై ఆరేళ్లు ఇక్కడ లేత్ మీద, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషన్ మీద, నిలబడ్డవాణ్ణి, నా మాట నమ్మండి.

ఆదివారం రావద్దు, షట్టర్లు దించేసి ఉంటాయి. మామూలు రోజున మెట్రోలో అంబేద్కర్ బాలానగర్ స్టేషన్‌లో దిగి, ఆటోలో నర్సాపూర్ చౌరస్తాకు రండి. అక్కడ 2021లో తెరిచిన ఫ్లైఓవర్ ఎక్కకండి, పైనుంచి ఏమీ కనబడదు. కింది రోడ్డు పట్టుకొని షెడ్లున్న సందుల్లోకి నడవండి. లోహం కోసేటప్పుడు చల్లబరచడానికి పోసే సోప్ ఆయిల్ వాసన తగిలిందంటే సరైన చోటికే వచ్చారు.

మీ బుష్ మేస్త్రీ చేతికివ్వండి. వెర్నియర్ కొలబద్ద పెట్టేముందు బొటనవేలి గోటితో లోపలి అంచు తడిమి చూస్తాడు. ఎంత అరిగిందో అతనికి అక్కడే సగం తెలిసిపోతుంది. తర్వాత లేత్‌లో పట్టులా ఉండే చక్‌లో ఇత్తడి కడ్డీ బిగించి మిషన్ ఆన్ చేస్తాడు. కోసే టూల్ ఆనగానే పసుపుపచ్చని తురుము చిటపటమంటూ ఎగురుతుంది. కాస్త వెనక్కి జరగండి, కంట్లో పడుతుంది.

అతని చేయి ఖాళీ అయినప్పుడు, "పని ఎక్కడ నేర్చుకున్నారన్నా?" అని అడగండి. బాలానగర్ చరిత్రంతా ఆ జవాబులోనే ఉంటుంది. ఒకరు ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్ఏఎల్ అంటారు, ఇంకొకరు 1968లో మొదలైన టూల్ డిజైన్ శిక్షణ సంస్థ సీఐటీడీ అంటారు. అక్కడ పని నేర్చినవాళ్ల శిష్యుల దగ్గర నేర్చుకున్నామనేవాళ్లే ఎక్కువ. పెద్ద ఫ్యాక్టరీలకు జిగ్గులు, డైలు (భాగాన్ని పట్టి ఉంచే, అచ్చు తీసే సాధనాలు) కావాలి కాబట్టి చుట్టూ ఈ చిన్న షెడ్లు పుట్టాయి. 1970లో ఇక్కడే మొదలైన ఎంటార్ అనే కంపెనీ ఇస్రో రాకెట్ ఇంజన్లకు భాగాలు చేసింది.

మీ బుష్ పని జరుగుతుండగా ఐడీపీఎల్ వైపు ఒకసారి వెళ్లిరండి. సోవియట్ సాయంతో కట్టిన ఆ ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఇప్పుడు మూతబడింది. రెడ్డీస్ ల్యాబ్స్ పెట్టిన అంజిరెడ్డిగారు అంతకుముందు పనిచేసింది అందులోనే. ఆ గోడ పక్కన నడుస్తుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఈలోపు మీ బుష్ తయారై ఉంటుంది. దాంట్లో తిరిగే షాఫ్ట్ (ఇరుసు) కూడా తెచ్చుకుంటే షెడ్‌లోనే ఎక్కించి చూడమనండి. సుత్తి దెబ్బ అక్కర్లేకుండా, అరచేత్తో నొక్కితే దిగాలి.