లైవ్ సర్వర్‌లో హార్డ్ లింకులు పెట్టే ముందు ఇవి ఒక్కసారి చూసుకోండి

డిస్క్ 92 శాతం నిండిపోయింది, కొత్త డిస్క్‌కి అప్రూవల్ రావాలంటే నెల పడుతుంది, ఈలోపు ఎవరో ఒకరు "డూప్లికేట్ ఫైల్స్ అన్నిటికీ హార్డ్ లింకులు పెట్టేద్దాం, ఇరవై లైన్ల స్క్రిప్ట్ అంతే" అంటారు. హార్డ్ లింక్ అంటే ఉన్న ఫైల్‌కే ఇంకో పేరు పెట్టడం, రెండు కాపీల బదులు ఒకటే ఉంటుంది కాబట్టి జాగా మిగులుతుంది. మా టీమ్‌లో ఆ ఎవరో ఒకరు నేనే. అందుకే శనివారం రాత్రి ఇలాంటి పనికి కూర్చునేవాళ్లకి ముందే చెప్తున్నా, ఆ పని చెయ్యమని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగే లింక్ అనే సిస్టమ్ కాల్ ఫెయిలైతే కంగారు పడక్కర్లేదు, మైనస్ ఒకటి ఇచ్చి కారణం తాలూకు కోడ్‌ని ఎర్‌నో అనే వేరియబుల్‌లో పెట్టేస్తుంది, పాత ఫైల్ ఎక్కడిదక్కడే ఉంటుంది. సక్సెస్ అయిందంటేనే జాగ్రత్తగా ఉండాలి.

ఎందుకంటే అది కాపీ చెయ్యదు. ఫైల్ అంటే డిస్క్ మీద ఒక ఐనోడ్ (ఫైల్ వివరాలూ, డేటా ఎక్కడుందో రాసుకున్న రికార్డు), పేరు అంటే ఫోల్డర్‌లో ఆ ఐనోడ్ నంబర్‌తో రాసుకున్న ఎంట్రీ, లింక్ కాల్ ఇంకో ఎంట్రీ రాసి, ఎన్ని పేర్లున్నాయో చెప్పే లింక్ కౌంట్‌ని ఒకటి పెంచుతుంది, అంతకు మించి చేసేదేం లేదు. ఇంట్లో చిన్నా అని పిలుస్తారు, రేషన్ కార్డులో వెంకట సుబ్బారావు అని ఉంటుంది, చిన్నాకి గుండు కొట్టిస్తే సుబ్బారావుకి జుట్టు మిగలదు కదా. పర్మిషన్లు, ఓనర్, టైమ్ అన్నీ ఐనోడ్‌వే, ఒక పేరు మీద పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్ కమాండ్ కొడితే అన్ని పేర్లకీ మారిపోతాయి.

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. రోజూ రాత్రి కాపీ కమాండ్ సీపీకి మైనస్ ఏఎల్ (కాపీ బదులు హార్డ్ లింకులు పెట్టమని) ఇచ్చి డేటా ఫోల్డర్‌కి స్నాప్‌షాట్, అంటే ఆ రోజుటి నకలు, తీసేవాళ్లం, ఏడు రోజులవి ఉంచేవాళ్లం, స్పేస్ అసలు తినట్లేదని మురిసిపోయాం కూడా. ఒకరోజు ఏదో బ్యాచ్ జాబ్ రేట్ల ఫైల్‌ని ఖాళీ చేసేసింది. పర్లేదులే అని నిన్నటి ఫోల్డర్ తెరిస్తే ఖాళీ, మొన్నటిది తెరిస్తే ఖాళీ. ఫైల్స్ లిస్ట్ చూపించే ఎల్ఎస్ మైనస్ ఎల్ఐ కొట్టి చూస్తే ఎనిమిది లైన్లు (అసలుది ఒకటి, స్నాప్‌షాట్లవి ఏడు), ఎడమ చివర ఎనిమిదింటికీ ఒకే ఐనోడ్ నంబర్, లింక్ కౌంట్ 8, సైజు సున్నా, టైమ్ అన్నిటికీ 23:42. ఏడు రోజుల బ్యాకప్ అనుకున్నది ఒక్క ఫైల్‌కి ఎనిమిది పేర్లు. ఇంకో మిషన్‌లో పన్నెండు రోజుల కిందటి కాపీ దొరికింది కాబట్టి బతికిపోయాం, మధ్యలో మారిన రేట్లన్నీ చేత్తో ఎక్కించాం.

కాబట్టి ముందు చూసుకోవాల్సింది ఆ ఫైల్స్‌లోకి ఏ ప్రోగ్రామ్ ఎలా రాస్తోంది అనేది. ఫైల్‌లో మాటలు మార్చే సెడ్ మైనస్ ఐ, ఫోల్డర్లు కాపీ చేసే ఆర్‌సింక్ (మామూలుగా రన్ చేస్తే) లాంటివి కొత్త ఫైల్ రాసి దాన్ని పాత పేరు మీదకి రీనేమ్ చేస్తాయి, అప్పుడు లింక్ తెగిపోతుంది, పాత స్నాప్‌షాట్ సేఫ్. షెల్‌లో ఫైల్ చివర రాసే డబుల్ యారో (>>), ఆర్‌సింక్‌లో ఇన్‌ప్లేస్ ఆప్షన్, లాగ్ ఫైల్స్, డేటాబేస్‌లు ఇవన్నీ ఉన్న ఐనోడ్‌లోకే రాస్తాయి. విమ్ ఎడిటర్ అయితే బ్యాకప్‌కాపీ సెట్టింగ్‌ని బట్టి రెండు రకాలుగానూ చేస్తుంది. డౌటుంటే ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్ చూపించే ఎస్‌ట్రేస్ పెట్టి రీనేమ్ కాల్ కనిపిస్తోందో లేదో చూడండి, ఐదు నిమిషాల పని. నన్నడిగితే ఎవరూ ముట్టుకోని ఐఎస్‌ఓలు (డిస్క్ ఇమేజ్ ఫైల్స్), పాత రిలీజ్ ప్యాకేజీలు, ఆర్కైవ్ ఫొటోలు వీటికి తప్ప దేనికీ లింకులు పెట్టొద్దు.

సున్నా బైట్ల ఫైల్స్‌ని స్క్రిప్ట్‌లో మొదటి లైన్‌లోనే పక్కన పెట్టెయ్యండి, ఇది చాలామంది మర్చిపోతారు, ఖాళీ ఫైల్స్ అన్నీ ఒకదానికొకటి డూప్లికేట్లే కదా, స్క్రిప్ట్ లాక్ ఫైల్సూ ప్లేస్‌హోల్డర్లూ అన్నిటినీ కలిపి ఒకే ముద్ద చేసేస్తుంది, రేపు ఎవడో ఒకదాంట్లో ఒక లైన్ రాస్తే అది అన్నిట్లో కనిపిస్తుంది. ఈఎక్స్‌టీ4 అనే లైనక్స్ ఫైల్‌సిస్టమ్‌లో ఒక ఫైల్‌కి 65,000 లింకులే పడతాయి, దాటితే ఈఎమ్‌లింక్ ఎర్రర్. అలాగే లోపలి మ్యాటర్ ఒకటే అయినా ఓనర్ వేరే, పర్మిషన్ వేరే అయితే ఆ జంటని వదిలెయ్యండి.

ఇక డూప్లికేట్‌ని తీసి లింక్ పెట్టే పద్ధతి. కొత్త పేరు ఆల్రెడీ ఉంటే లింక్ కాల్ దాని మీద రాయదు, ఈఎగ్జిస్ట్ ఎర్రర్ ఇస్తుంది, అందుకని అందరూ ముందు డిలీట్ చేసి తర్వాత లింక్ చేస్తారు, ఆ రెండింటి మధ్యలో కరెంట్ పోతేనో పర్మిషన్ అడ్డొస్తేనో ఆ పేరు గోవిందా. అదే ఫోల్డర్‌లో ఒక టెంపరరీ పేరుతో లింక్ చేసి, దాన్ని అసలు పేరు మీదకి రీనేమ్ చెయ్యండి. ఇందులోనూ ఒక తిరకాసుంది, ఆ రెండు పేర్లూ అప్పటికే ఒకే ఐనోడ్ అయితే రీనేమ్ ఏమీ చెయ్యకుండానే సక్సెస్ అంటుంది, టెంపరరీ పేరు అక్కడే ఉండిపోతుంది, స్క్రిప్ట్ రెండోసారి రన్ చేసినప్పుడు ఫోల్డర్ నిండా చెత్త కనిపిస్తే కారణం ఇదే. ముందే ఫైల్ వివరాలు చూపించే స్టాట్ కొట్టి డివైస్ నంబర్, ఐనోడ్ నంబర్ రెండూ కలిపి పోల్చుకోండి. ఐనోడ్ ఒక్కటే చూస్తే వేరే డిస్క్‌లో అదే నంబర్‌తో ఇంకో ఫైల్ ఉండొచ్చు.

ఈఎక్స్‌డెవ్ ఎర్రర్ వచ్చిందంటే రెండు దారులూ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో లేవని. ఒకే డిస్క్ అయినా బైండ్ మౌంట్ (ఒక ఫోల్డర్‌ని ఇంకో చోట కూడా తగిలించడం) వల్ల రెండు చోట్ల మౌంట్ అయి ఉంటే కూడా ఇదే ఎర్రర్, కంటైనర్లలో వాల్యూమ్‌లు విడివిడిగా పెట్టినవాళ్లకి ఇది బాగా తగులుతుంది. ఈపెర్మ్ (ఈ పనికి అనుమతి లేదు) ఎర్రర్ వస్తే వెంటనే అడ్మిన్ హక్కులతో రన్ చేసే సుడో కొట్టకండి. డైరెక్టరీకి లింక్ పెట్టబోయినా అదే వస్తుంది, ప్రొటెక్టెడ్ హార్డ్‌లింక్స్ అని లైనక్స్ 3.6 నుంచి ఉన్న సెట్టింగ్ వల్లా వస్తుంది, మీది కాని, మీకు రాసే హక్కు లేని ఫైల్‌కి లింక్ పెట్టనివ్వదు, అది మన మంచికే ఉంది. మీరిచ్చిన పాత పేరే సింబాలిక్ లింక్ (ఇంకో ఫైల్ దారిని చూపించే షార్ట్‌కట్ లాంటిది) అయితే లైనక్స్‌లో లింక్ కాల్ దాని వెనకున్న అసలు ఫైల్ దాకా వెళ్లదు, ఆ సింబాలిక్ లింక్‌కే ఇంకో పేరు పెడుతుంది, అసలు ఫైలే కావాలంటే లింక్‌యాట్ అనే కాల్ వాడి ఫాలో ఫ్లాగ్ ఇవ్వాలి. నెట్‌వర్క్‌లో పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ డిస్క్ మీద అయితే లింక్ పడిపోయి కూడా జవాబు మధ్యలో పోయి ఎర్రర్ రావొచ్చు, స్టాట్‌తో కౌంట్ చూశాకే మళ్లీ ట్రై చెయ్యండి.

విండోస్ వాళ్లకి ఒక్క మాట, క్రియేట్ హార్డ్ లింక్ ఫంక్షన్‌లో కొత్త పేరు ముందు, ఉన్న ఫైల్ తర్వాత, లైనక్స్‌కి సరిగ్గా రివర్స్. ఒక ఫైల్‌కి దీంతో 1023 లింకుల దాకానే.

ఆఖరికి, స్క్రిప్ట్ అయిపోయాక ఆ డిస్క్‌ని ఎవరికి అప్పజెప్తారో వాళ్లకి చెప్పి పెట్టండి. ఆర్నెల్ల తర్వాత కొత్త సర్వర్‌కి మార్చేటప్పుడు ఆర్‌సింక్‌లో పెద్ద హెచ్ పెట్టకపోతే ప్రతి పేరూ విడి ఫైల్‌గా వెళ్తుంది, ఇక్కడ 600 జీబీ ఉన్నది అక్కడ పట్టక మధ్యలో ఆగిపోతుంది, అప్పుడు ఫోన్ మీకే వస్తుంది.