హెచ్‌డీ చానళ్ల బిల్లు తగ్గించుకోవడం ఎలా?

మా అమ్మ చూసేది నాలుగు చానళ్లు. బిల్లులో మాత్రం ముప్పైకి పైగా పే చానళ్లు (డబ్బు కట్టి చూసేవి)! ఒక సాయంత్రం కాగితం, పెన్ను తీసుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. మీరూ అలాగే మొదలుపెట్టండి: ఇంట్లో నిజంగా చూసే పేర్లు మాత్రమే రాయండి.

తర్వాత ఆపరేటరును విడి ధరల జాబితా అడగండి. టెలికాం, ప్రసార సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి పే చానల్‌నూ విడిగా కొనుక్కోవచ్చు. బొకే (కొన్ని చానళ్లు కలిపి అమ్మే ప్యాకేజీ) తీసుకోవడం మీ ఇష్టం. ఈ హక్కు నాకెంతో విలువైనది. పెద్ద సంస్థ తన ఒక్క మంచి చానల్‌కు పది అక్కరలేనివి జతచేసి అంటగడితే, చిన్న చానల్ ఎలా బతుకుతుంది?

హెచ్‌డీ దగ్గర ఇంకా జాగ్రత్త. ఒకే చానల్ హెచ్‌డీ (ఎక్కువ స్పష్టత), ఎస్‌డీ (మామూలు స్పష్టత) రూపాలు రెండూ ఒకే బొకేలో ఉండకూడదు. అయితే వేర్వేరు బొకేలు తీసుకుంటే రెండూ వచ్చి పడతాయి. మా బిల్లులో అలా రెండు జంటలు దొరికాయి, వెంటనే ఎస్‌డీలు తీయించాను. టీవీ, సెట్‌టాప్ బాక్సు రెండూ హెచ్‌డీవి కాకపోతే ఆ అదనపు డబ్బు వృథా.

చానళ్ల ధర కాకుండా, సిగ్నల్ అందించినందుకు ఆపరేటరు నెలనెలా తీసుకునే నెట్‌వర్క్ రుసుముపై ఉన్న గరిష్ఠ పరిమితిని 2024 జులైలో ఎత్తివేశారు. కాబట్టి పక్క ఆపరేటరు ఎంత తీసుకుంటున్నారో కనుక్కోండి. మీ ఆపరేటరు చానళ్లు విడిగా ఇవ్వనంటే ఫిర్యాదు నంబరు తీసుకోండి, పరిష్కారం కాకపోతే ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాయండి.