నరాల నొప్పి: ఇంట్లో ఏం గమనించాలి, డాక్టరుకు ఏం చెప్పాలి

నేను అమలాపురం చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేస్తుంటాను. ఎక్కువగా చూసేది నడుములు, మోకాళ్ళు. నాట్లు వేసే ఆడవాళ్ళు, కొబ్బరి దింపు తీసేవాళ్ళు, చెరువుల మీద పనిచేసే కుర్రాళ్ళు. వీళ్ళ మధ్య ఎప్పుడో ఒకసారి వేరే రకం నొప్పి ఎదురవుతుంది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే నరాల మీద పడితే వచ్చే నొప్పి అది. దాన్ని పని నొప్పి అనుకుని ఊళ్ళో ఇంజెక్షన్లు చేయించుకుంటూ కూర్చుంటే వైద్యం బాగా పనిచేసే రోజులు చేజారిపోతాయి.

ముందు నొప్పి ఎలా పుడుతుందో తెలుసుకోండి, ఏం గమనించాలో దాన్నిబట్టే తెలుస్తుంది. కాలికి ముల్లు దిగితే కబురు రెండు రకాల నరాల పోగుల్లో పైకి వెళ్తుంది. ఎ-డెల్టా పోగులకు మైలిన్ అనే కొవ్వు పొర పల్చగా ఉంటుంది, సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగం. సి పోగులకు ఆ పొర లేదు, సెకనుకు 2 మీటర్లు దాటడం కష్టం. ముందు చురుక్కుమని, కాసేపటికి సలుపు మొదలయ్యేది అందుకే. గాయం మానితే ఆ నొప్పి పోతుంది.

నరమే జబ్బుపడితే లెక్క మారిపోతుంది. మైలిన్ ఊడిన చోట సోడియం చానెళ్ళు, అంటే నరంలో సంకేతం పుట్టించే సన్నని ద్వారాలు, పోగుపడతాయి. తొడుగు చిరిగిన కరెంటు తీగ ముట్టుకోకుండానే నిప్పురవ్వలు చిమ్మినట్టు, కాలికి ఏ దెబ్బా లేకపోయినా నరం మధ్యలోంచి సంకేతాలు పుడతాయి. మంట, షాక్ కొట్టినట్టు జిల్లుమనడం, చీమలు పాకడం అక్కడి నుంచే. వెన్ను దగ్గర నరాల మూలాలు వాచినప్పుడు నొప్పి ఇంకోలా ఉంటుంది: నడుములో, తొడల వెనక లోతుగా గుంజుతుంది, రాత్రిళ్ళు పడుకోనివ్వదు. ఇది వారాల తరబడి సాగితే వెన్నుపాములోని కణాలు కూడా అతిసున్నితమై, దుప్పటి తగిలినా కాలు మండుతుంది.

ఈ జబ్బుల్లో మన ప్రాంతం వాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది గిలాన్-బారీ సిండ్రోమ్, డాక్టర్లు జీబీఎస్ అంటారు. రోగనిరోధక వ్యవస్థ నరాలను కొట్టడంతో కాళ్ళూ చేతులూ పట్టు తప్పే జబ్బు ఇది. 1916లో గిలాన్, బారీ, స్ట్రోల్ అనే ఫ్రెంచి వైద్యులు దీని గురించి రాశారు. చాలాసార్లు విరేచనాలో జలుబు జ్వరమో తగ్గిన ఒకటి నుంచి మూడు వారాలకు మొదలవుతుంది. విరేచనాలు తెచ్చే కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియా పైపొరలోని ఒక పదార్థం మన నరాల మీది గాంగ్లియోసైడ్లు అనే కొవ్వు పదార్థాలను పోలి ఉంటుంది. బాక్టీరియాను చంపడానికి ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలు అనే రక్షణ పదార్థాలు పోలిక చూసి నరాన్ని కొడతాయి. 2025 జనవరిలో పుణెలో ఒకేసారి చాలామందికి ఇది వచ్చినప్పుడు అందరూ తాగేనీటి వైపు చూసింది అందుకే. వరద తీశాక లంకల్లో బోరు నీళ్ళు మరిగించి తాగమని నేను ఇంటింటా పోరేది కూడా దీనికోసమే.

జీబీఎస్‌లో సుమారు మూడింట రెండు వంతుల మందికి నొప్పి ఉంటుంది. కొందరికి కాళ్ళు పట్టు తప్పకముందే వస్తుంది. కాబట్టి విరేచనాలు తగ్గిన కొన్నాళ్ళకు కొత్తగా నడుంనొప్పి, దాంతో రెండు అరికాళ్ళలో తిమ్మిరి మొదలైతే ఆ రోజు నుంచే కాగితం పెట్టి రాయండి. నొప్పి ఎక్కడ, ఎలాంటిది, ఏ వేళ పెరుగుతోంది, ఏం చేస్తే రేగుతోంది. "ఒళ్ళంతా నొప్పులండీ" అంటే డాక్టరుకు దారి దొరకదు. "రెండు పాదాల్లో ఒకేసారి మొదలై మూడు రోజుల్లో మోకాళ్ళ దాకా పాకింది" అంటే దొరుకుతుంది.

నొప్పితోపాటు రోజుకు రెండు పూటలా బలం చూడండి. మడమల మీద నాలుగడుగులు వేయగలరా? కింద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవగలరా? దండెం మీద బట్ట ఆరేయగలరా? నిండా ఊపిరి పీల్చి, మళ్ళీ పీల్చకుండా ఒకటి, రెండు అని ఎంతవరకు లెక్కపెట్టగలరు? నిన్నటికంటే ఈరోజు తగ్గితే, అందులోనూ 20 దాకా రాకపోతే, మింగుడు పడకపోతే, గుండె దడ ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. లెక్క బాగానే వచ్చినా ఆయాసంగా ఉందంటే ఆగొద్దు. లంకల్లో ఉండేవాళ్ళు తెల్లారాక రేవు దాటొచ్చు అనుకోవద్దు, పడవ వాళ్ళను రాత్రే లేపండి. నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరపడుతుంది కాబట్టి ఆ సదుపాయం, న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి.

నొప్పి తీరు వేరేగా ఉంటే జబ్బు కూడా వేరే కావచ్చు. మెడ వంచగానే వెన్ను మీదుగా కాళ్ళ దాకా కరెంటు పాకితే, ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టుంటే, కన్ను తిప్పితే నొప్పి పుట్టి చూపు మసకబారితే వెన్నుపాము, మెదడు వైపు ఆలోచించాలి. మెదడు, వెన్నుపాముల్లోని మైలిన్ దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బులో ఇలా ఉంటుంది. మా మే నెల ఉక్కలో వీళ్ళకు చూపు, నడక కాసేపు మందగిస్తాయి, చల్లబడితే తేరుకుంటారు. రోజుల తరబడి ఆగని ఎక్కిళ్ళు, వాంతులు, కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయే బాధాకరమైన పట్లు ఉంటే కంటి నరాన్ని, వెన్నుపామును దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే జబ్బు గురించి అడగండి. దానికి ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ రక్తపరీక్ష ఉంది.

ఈ తేడాలు ఎందుకింత ముఖ్యమంటే వైద్యాలు ఒకదానికొకటి పొసగవు. మల్టిపుల్ స్క్లెరోసిస్, న్యూరోమైలైటిస్ రెండింటిలోనూ జబ్బు విరుచుకుపడినప్పుడు స్టెరాయిడ్లు వాడతారు. జీబీఎస్‌లో అవి పనిచేయవు. ఒంటి బరువులో కిలోకు 2 గ్రాముల చొప్పున ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) 5 రోజుల్లో ఎక్కిస్తారు, లేదా రక్తంలోని ప్లాస్మా అనే ద్రవాన్ని మారుస్తారు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ న్యూరోమైలైటిస్‌ను ముదరబెట్టగలదు. అందుకని జబ్బేమిటో తేలకముందే ఊళ్ళో స్టెరాయిడ్ సూది వేయించుకోకండి. ఇమ్యునోగ్లోబులిన్ ఖరీదు లక్షల్లోకి వెళ్తుంది, ఆసుపత్రిలో అడుగు పెట్టగానే అక్కడ పథకం సాయానికి ఉండే ఆరోగ్యమిత్రను కలిసి ప్రభుత్వ వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందేమో కనుక్కోండి.

నొప్పి మందుల సంగతికొస్తే, డైక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి మందులతో నరాల నొప్పి పెద్దగా లొంగదు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి రాస్తారు. మత్తుగా ఉంటుందని వాటిని ఒక్కసారిగా మానేయొద్దు, డాక్టరుకు చెప్పి మోతాదు తగ్గించుకోవాలి.

ఇంట్లో చూసుకునేవాళ్ళకు నా మాటలు కొన్ని. తిమ్మిరెక్కిన కాలికి వేడి తెలియదు, కాచిన నూనె రాయడం, వేడినీళ్ళ సంచి పెట్టడం వద్దు. బొబ్బలు తేలిన పాదాలు నేను చాలానే చూశాను. దుప్పటి తగిలి మండుతుంటే మంచం కాళ్ళ వైపు అట్టపెట్టె నిలబెట్టి దాని మీదుగా కప్పండి. రెండు గంటలకోసారి పక్క మార్చండి, కీళ్ళు మెల్లగా ఆడించండి, చెయ్యి మాత్రం గట్టిగా పట్టి లాగొద్దు. కోలుకునేటప్పుడు అలసిపోయేదాకా నడిపించకండి, నీరసం మర్నాటికీ తగ్గలేదంటే ముందురోజు ఎక్కువ చేయించారని అర్థం. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మీరు రాసిన కాగితం మడిచి ఆధార్ కార్డుతో పాటే పెట్టుకోండి. విరేచనాలో జ్వరమో ఎప్పుడొచ్చిందీ, వేయించుకున్న ఇంజెక్షన్ల పేర్లు ఏమిటీ అన్నది కూడా అందులో ఉండాలి.